వీడియో ఆటకు ఉత్తరభాగం - ప్రచారం : ఒక పరిశీలన

తెలుగు శాఖకు చెందినవాడు వీడియో ఆటల వ్యాపారాన్ని గురించి వ్యాసం వ్రాయడమేమిటని ఈ సంచిక తిరగవేసే పాఠకులకు సందేహం కలుగవచ్చు. సందేహం న్యాయమైనదే. ప్రబంధాలలోని ఋతువర్ణనలను గురించి వ్రాయవలసినదిగా సంపాదకవర్గంలోని మిత్రులు నన్ను కోరినారు. అందుకు అంగీకరించినాను కూడా. కాని గత వేసవిలో జరిగిన ఒక చిన్న సంఘటన నా ఆలోచనలను వేరొక దారికి మళ్ళించినది. దానిని ముందుగా విన్నవించి పిమ్మట విషయంలోనికి వస్తాను.

మూడేండ్ల క్రిందట మా కళాశాలలో చదువు ముగించుకొని వెళ్ళిన ఒక విద్యార్థి, తన ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకొని, కాప్రా చెరువు సమీపంలోని మా ఇంటికి వచ్చినాడు. చేతిలో ఒక కాగితం ఉన్నది. "సార్, ఇందులో తెలుగు కొంచెం దిద్దిపెట్టాలి" అన్నాడు. చూడగా అది ఒక ప్రకటన పాఠం. ఈ నలుగురు యువకులు కలసి ఫోనులో ఆడుకొనే ఒక ఆటను తయారుచేసి ఏడాది క్రిందట ఉచితంగా విడుదల చేసినారట. ఇప్పుడు దానికి రెండవ భాగాన్ని సిద్ధం చేస్తున్నారు. దానిని ఫోనులోనే గాక కంప్యూటరులో కూడ ఆడుకొనేటట్లు రూపొందించి, వెల పెట్టి అమ్మదలచినారు. అందుకోసమే ఆ ప్రకటన.

మొదటి ఆటను నాకు అక్కడికక్కడే చూపించినారు. జ్వరంతో పడియున్న తండ్రికి బదులుగా ఒక పోస్టుమాను కుమారుడు సంచి భుజాన వేసుకొని గల్లీ గల్లీ తిరుగుతాడు. గోడలు దూకాలి, కుక్కలను తప్పించుకోవాలి, వానకు చెరిగిన చిరునామాలను ఊహించి చదవాలి. ఉత్తరాలన్నీ అందుతాయి. ఒక్కటి మిగులుతుంది. అది చేరవలసిన ఇంటికి తాళం వేసి ఉన్నది. బాలుడు ఆ ఇంటి మెట్టు మీద కూర్చుంటాడు. తెర నల్లబడుతుంది. అంతే. ఆడినవారు కొన్ని వేలమంది ఉన్నారనీ, వారిలో చాలామంది తమకు ఒకే ప్రశ్న వ్రాసి పంపినారనీ ఆ యువకులు చెప్పినారు. ఆ ఉత్తరంలో ఏమున్నది? ఇదే ప్రశ్న.

ఇక ప్రకటన పాఠానికి వద్దాం. "అత్యద్భుతమైన చిత్రాలు, నూరు అంచెలు, మునుపెన్నడూ ఎరుగని అనుభవం, రాబోయే సంక్రాంతికి మీ ముందుకు" అని ఉన్నది. నేను అందులో మూడు సంధి దోషాలు దిద్దినాను. కాని దిద్దుతున్నంతసేపూ ఒక విషయం మనస్సును తొలుస్తూనే ఉన్నది. ఆ కాగితం మీద బాలుడు లేడు, ఉత్తరం లేదు, తాళం వేసిన తలుపు లేదు. ఏ ఆటకైనా అతికే మాటలవి. ఈ మాటలనే ఈసీఐఎల్ చౌరస్తాలో ఒక పెద్ద హోర్డింగు మీద నెలరోజులు నిలబెట్టడానికి, ఆటలను పరిచయం చేసే ఒక వ్యాఖ్యాతకు రుసుము చెల్లించడానికి వారు సంకల్పించినారు. డబ్బు ఎక్కడిదని అడిగితే నా విద్యార్థి తలవంచుకొన్నాడు. వాళ్ళ అమ్మీ చేతి గాజులు తాకట్టుకు వెళ్ళబోతున్నవి. మరొకడు అప్పటికే ఉద్యోగం వదలుకొన్నాడు.

"కాగితం ఇక్కడ ఉంచి రెండు వారాల తరువాత రండి" అని పంపివేసినాను. ఈ రెండు వారాలలో నేను చదివినది, ఆలోచించినది, పిమ్మట వారితో వాదించినది ఈ వ్యాసంలోని సారం.

నాకు ఈ ఆటలు పూర్తిగా అపరిచితాలు కావని కూడ ఇక్కడ మనవి చేసుకోవాలి. మా చిన్ననాట టీవీకి తగిలించే పెట్టెలో క్యాసెట్టు దూర్చి గంటకింత అని అద్దె చెల్లించి 'మారియో', 'కాంట్రా' ఆడిన తరానికి చెందినవాడను. పైగా మేమున్న ప్రాంతానికి కంప్యూటరుతో ఉన్న అనుబంధం చిన్నది కాదు. 1967లో ఏర్పడి, దేశీయ కంప్యూటరు నిర్మాణానికి తొలినాళ్ళలోనే పూనుకొన్న ఈసీఐఎల్ సంస్థ పేరుతోనే మా చౌరస్తా వెలసినది. ఆ సంస్థకు ప్రాణం పోసిన ఎ.ఎస్. రావుగారి పేరుతో పక్కనే ఒక నగరు ఉన్నది. అట్టి చోట పుట్టిన పిల్లలు ఆటలు తయారుచేయడంలో వింత ఏమున్నది? ఈ నగరంలోనే ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ మన పురాణాల వాసన గల 'అసుర' అనే ఆటను 2017లో విడుదల చేసి ప్రశంసలు పొందినది.

ఉత్తరభాగం అనే మాటను కొంచెం విచారించాలి. కొత్త వస్తువుకు ప్రచారం చేసేవాడు "ఇట్టిది ఒకటి ఉన్నది" అని చెప్పుకోవాలి. ఉత్తరభాగానికి ప్రచారం చేసేవాడు "మీరు విడిచి వచ్చిన చోటికి మళ్ళీ రండి" అని పిలవాలి. ఈ రెండు పనులూ ఒకటి కావు. మొదటి భాగం చదివినవానికి, చూచినవానికి, ఆడినవానికి కర్త ఒక బాకీ పడి ఉంటాడు. ఆ బాకీని గుర్తుచేయడమే ఉత్తరభాగానికి తగిన ప్రచారమని నా అభిప్రాయం.

ఈ సమస్య మన సాహిత్యానికి కొత్తది కాదు. పదకొండవ శతాబ్దంలో నన్నయభట్టు భారతాంధ్రీకరణను అరణ్యపర్వం నడుమ, శరద్రాత్రుల వర్ణన దగ్గర, వదలి వెళ్ళినాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టక, విరాటపర్వంతో ఆరంభించినాడు. పదునాలుగవ శతాబ్దంలో ఎర్రన ఆ నడిమి ఖాళీని పూరించినాడు. పూరించి, తన భాగాన్ని కూడ నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చినాడు. అతుకు కనబడకుండ ఉండాలన్న తాపత్రయం అది. వ్యాపారదృష్టితో చూచినా ఇందులో నేర్వదగినది ఉన్నది. ఎర్రన పాత పాఠకుని నమ్మకాన్ని కాపాడినాడు. తిక్కన కొత్త పాఠకునికి ద్వారం తెరచినాడు. పాండవులు పేర్లు మార్చుకొని కొత్త ఊరిలో ప్రవేశించే ఘట్టం అది. అంతకు ముందు కథ లీలగా మాత్రమే తెలిసినవాడు కూడ అక్కడ నుండి హాయిగా చదువుకోవచ్చును.

మా ఉర్దూ శాఖవారు చిన్నబుచ్చుకోకుండ వారి సొత్తును కూడ స్మరిస్తాను. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి సుమారు పదేండ్లపాటు 'తిలిస్మె హోష్‌రుబా' సంపుటాలను ప్రచురించినది. మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ వ్రాయగా, మిగిలినవి అహ్మద్ హుసేన్ ఖమర్ వ్రాసినాడు. రచయిత మారినా పాఠకులు తదుపరి సంపుటానికి ఎదురుచూచినారంటే కారణం ఏమిటి? మాయాకోటలో చిక్కుకొన్న వీరులు ఇంకా చిక్కుకొనే ఉన్నారు! ఇక మన వారపత్రికలలో పేజీ అడుగున అచ్చయ్యే "సశేషం" అనే మూడక్షరాల మాట చేసినంత ప్రచారం ఏ గోడపత్రమూ చేయలేదు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికల కోసం పిల్లలు నెలంతా కాచుకొని ఉండేవారు. 'ఆంధ్రభూమి' వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ప్రకటించి, పిమ్మట 'తులసి' అని ఉత్తరభాగం వ్రాసినప్పుడు ఆ పేరే చాలినది.

మన కాలంలో, మన కళ్ళ యెదుట, ఈ కిటుకును సంపూర్ణంగా ప్రయోగించినది చలనచిత్రమే. 'బాహుబలి' మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైనది. రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న. నడుమ ఇరువదియొక్క నెలలకు పైబడిన వ్యవధి. ఇంతకాలం జనం ఒక సినిమాను మరచిపోకుండ ఉండడం సామాన్యం కాదు. మొదటి భాగం చివర కట్టప్ప తానే బాహుబలిని చంపినానని చెప్పి కథను ఆపివేస్తాడు. అక్కడ నుండి "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?" అనే ప్రశ్న బయలుదేరినది. కాప్రాలో ఇరానీ చాయి త్రాగేవారి మధ్య, కళాశాల వరండాలో, పెళ్ళిపందిళ్ళలో, చివరకు ఉత్తరభారతంలోని వార్తాపత్రికలలో కూడ అదే ప్రశ్న వినిపించినది. మొదటి భాగం కోసం కొచ్చిలో ఏబది వేల చదరపు అడుగుల పైబడిన బొమ్మను పరచి గిన్నిస్ గ్రంథానికి ఎక్కించినారు. ఆ బొమ్మ ఎంతమందికి జ్ఞాపకం ఉన్నది? నాలుగు మాటల ప్రశ్న మాత్రం పిల్లవానిని అడిగినా చెబుతాడు.

ఆ ప్రశ్నను ఏ ప్రకటనశాఖవారూ కూర్చొని కల్పించలేదు. అది కథ కడుపులో నుండి వచ్చినది. నిర్మాతలైన ఆర్కా మీడియావారు, దర్శకుడు రాజమౌళి చేసినదల్లా దానిని వాడిపోనీయకపోవడం, సమాధానాన్ని దాచడం. రెండవ భాగం ట్రైలరు 2017 మార్చిలో వచ్చినప్పుడు కోటలు, యుద్ధాలు, ఏనుగులు అన్నీ చూపించినారు. సమాధానం మాత్రం చూపించలేదు.

ఇంతకంటె నన్ను ఆకర్షించినది మరొక చర్య. రెండవ భాగానికి మూడు వారాల ముందు, అనగా 2017 ఏప్రిల్ 7న, మొదటి భాగం హిందీ రూపాన్ని మళ్ళీ థియేటర్లలో విడుదల చేసినారు. పైకి చూస్తే పాత సరుకును మళ్ళీ అమ్మడంవలె కనబడుతుంది. నిజానికి అది బాకీదారుల సంఖ్యను పెంచుకోవడం! మొదటి భాగం చూడనివానికి రెండవ భాగంతో పని లేదు. చూపించితే పని కలుగుతుంది. మరచినవానికి జ్ఞాపకం వస్తుంది.

అదే యేడు శివగామి బాల్యయౌవనాలను చెప్పే నవలను ఆనంద్ నీలకంఠన్ వ్రాసినారు. 'ది లాస్ట్ లెజెండ్స్' అనే బొమ్మల ధారావాహిక వచ్చినది. బెంగుళూరులోని మూన్‌ఫ్రాగ్ సంస్థ ఫోనులో ఆడుకొనే బాహుబలి ఆటను విడుదల చేసినది. అందులో కాలకేయుల నుండి మాహిష్మతిని కాపాడుకోవాలి. నవల చదివేవాడు వేరు, బొమ్మలు చూచేవాడు వేరు, ఆట ఆడేవాడు వేరు. ఒకే ఇంటికి వేర్వేరు గుమ్మాలు పెట్టినారన్నమాట. ఏ గుమ్మం నుండి వచ్చినా లోపలి గది తలుపు ఏప్రిల్ 28 వరకు తెరుచుకోదు. ఫలితం అందరికీ తెలిసినదే. భారతీయ చలనచిత్రాలలో వేయి కోట్ల రూపాయల వసూళ్ళు దాటిన మొదటి చిత్రం అది. చివరకు చెప్పిన సమాధానం ప్రశ్నంత గొప్పగా ఉన్నదా అని అడిగితే, నా మట్టుకు నాకు లేదనే అనిపించినది. కాని అప్పటికే టిక్కెట్టు కొన్నాను.

సినిమాకూ ఆటకూ ఒక భేదం ఉన్నది. సినిమాలో బాహుబలి పర్వతం ఎక్కుతాడు. మనం కూర్చొని చూస్తాం. ఆటలో మనమే ఎక్కుతాం, పడుతాం, మళ్ళీ ఎక్కుతాం. కావున ఆటగాని జ్ఞాపకం కంటిలో కంటె చేతి వ్రేళ్ళలో ఎక్కువగా ఉంటుంది. అతనిని పిలవవలసినది కూడ ఆ చేతి ద్వారానే. అమెరికాలోని వాల్వ్ సంస్థ ఈ రహస్యాన్ని గ్రహించినది. 2007లో వచ్చిన 'పోర్టల్' అనే ఆటకు 2010 మార్చిలో, ముందుగా ఏ ప్రకటనా లేకుండ, ఒక చిన్న మార్పును చేర్చినారు. ఆటలోని గదులలో రేడియోలు వింత ధ్వనులు చేయసాగినవి. కుతూహలపరులు ఆ ధ్వనులలోని సంకేతాలను విప్పసాగినారు. రెండు రోజులకు ఆట ముగింపే మారిపోయినది. బయటపడినదనుకొన్న నాయికను ఎవరో మళ్ళీ లోపలికి ఈడ్చుకొనిపోతారు. కొద్ది రోజులకే రెండవ భాగం ప్రకటన వెలువడినది. ఆట 2011 ఏప్రిల్‌లో వచ్చినది. పాత ఆటనే కొత్త ఆటకు దండోరాగా వాడుకొన్నారు. దీనికి హోర్డింగు ఖర్చు లేదు. పిలుపు అందవలసిన వారికే అందినది.

ఈ ఉదాహరణ చదివిన రాత్రి నాకు మా కుర్రవాళ్ళ తాళం వేసిన తలుపు గుర్తుకు వచ్చినది. దానిని గురించి తరువాత చెబుతాను.

తేదీ అనేది కూడ ప్రచారమే. 1992లో సెగా సంస్థ 'సోనిక్' రెండవ భాగాన్ని నవంబరు 24న అమెరికా, ఐరోపా దుకాణాలలో ఒకే దినాన అమ్మకానికి పెట్టినది. అంతవరకు ఆటలు సామాన్యంగా ఒక్కొక్క దుకాణానికి ఒక్కొక్క రోజున చేరుతుండేవి. ఆ దినం మంగళవారం. ఆంగ్లంలో మంగళవారం పేరులో మొదటి ధ్వని రెండు అనే అంకెకు దగ్గరగా ఉంటుంది గనుక, ఆ పేరులో 2 అంకెను ఇమిడ్చి ఒక కొత్త మాటను సృష్టించినారు. శ్లేష! మన వసుచరిత్రకారునికి తెలిస్తే సంతోషించేవాడు. పేరు, సంఖ్య, తేదీ మూడూ ఒక్క మాటలో పాఠకుని నోట పడినవి.

కాని తేదీ ఇచ్చినవాడు మాట ఇచ్చినవాడు. 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్' అనే ఉత్తరభాగాన్ని 1997లో ప్రకటించి 2011లో విడుదల చేసినారు, పదునాలుగేండ్లు! అప్పటికి ఆ పేరు నవ్వులపాలైనది. 2013లో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' అయిదవ భాగానికి తరువాయిని తొలుత 2025 అన్నారు, పిమ్మట 2026 మే 26 అన్నారు, ఆ పిమ్మట 2026 నవంబరు 19 అన్నారు. కోట్ల డాలర్ల సంస్థలకు అది చెల్లుతుంది. ఎదురుచూపు కూడ వారికి ప్రచారమే అవుతుంది. నలుగురు కుర్రవాళ్ళు "సంక్రాంతికి" అని చౌరస్తాలో నిలబెట్టి సంక్రాంతికి రాకపోతే, ఉగాదికి ఎవరు నమ్ముతారు?

చిన్నవారికి దగ్గర ఉదాహరణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో దొరికినది. టీమ్ చెర్రీ అనే పేరుతో ముగ్గురు నలుగురు కలసి 2017లో 'హాలో నైట్' అనే ఆటను తెచ్చినారు. పురుగుల రాజ్యంలో సాగే కథ. మొదట ఆ ఆటకు అదనపు భాగంగా తలపెట్టినది పెరిగి పెద్దదై 'సిల్క్‌సాంగ్' అనే ఉత్తరభాగమైనది. 2019 ఫిబ్రవరిలో ప్రకటించినారు. ఆ పిమ్మట దాదాపు మౌనం. 2023 ప్రథమార్ధంలో రావలసినది రాలేదు. అభిమానులు ప్రతి ఆటల ప్రదర్శనలో ఆ పేరు కోసం వెదకి, కనబడక నిట్టూర్చడం ఒక పరిహాసంగా మారినది. 2025 ఆగస్టు 21న, పని పూర్తిగా ముగించుకొని, "సెప్టెంబరు 4" అన్నారు. రెండే వారాల గడువు. విమర్శకులకు సైతం ముందుగా ప్రతులు ఇవ్వలేదు. వెల ఇరువది డాలర్లు. విడుదలైన గంటలో కొనుగోలుదారుల తాకిడికి స్టీమ్ మొదలైన పెద్ద పెద్ద ఆన్‌లైను దుకాణాలు కొంతసేపు స్తంభించినవి. ఆ తేదీ ప్రకటన విని, దగ్గర రోజులలో తమ ఆటలను విడుదల చేయదలచిన చిన్న సంస్థలు పలు తమ తేదీలను వెనుకకు జరుపుకొన్నవి. చెరువులోకి ఏనుగు దిగేటప్పుడు గట్టున నిలబడడం తెలివే గదా!

ఇందులో నుండి "మౌనంగా ఉంటే చాలు" అని గ్రహిస్తే పొరపాటు. మొదటి ఆట లక్షలాది చేతులలో ఉన్నది గనుక ఆ మౌనం పలికినది. మనకు ఉన్నది కొన్ని వేలమంది. అయితే సిద్ధాంతం ఒకటే: పని ముగిసిన తరువాతనే తేదీ.

రెండు వారాలకు నలుగురూ మళ్ళీ వచ్చినారు. వారితో సంభాషణ నేను ఊహించినంత సులభంగా సాగలేదు. ఉద్యోగం వదలిన యువకుడు ముక్కుసూటిగా అడిగినాడు: "హోర్డింగు లేకుంటే ఎవరికి తెలుస్తది సార్?"

ప్రశ్నకు ప్రశ్నతోనే సమాధానం చెప్పినాను. ఈసీఐఎల్ చౌరస్తాలో సికింద్రాబాదు బస్సు కోసం నిలబడినవారిలో మీ మొదటి ఆట ఆడినవారు ఎందరు? మీకు ఉత్తరాలు వ్రాసినవారు ఎక్కడెక్కడి వారు? వెదకి చూస్తే ఒకరు విశాఖపట్నం, ఒకరు దుబాయి, ఇద్దరు డల్లాసు, ఒకరు నిజామాబాదు. కాప్రావాసి ఒక్కడూ లేడు. వారిలో ఎవరికీ ఈ హోర్డింగు కనబడదు. కాని మీ మొదటి ఆట వారి ఫోనులలో ఇంకా ఉన్నది. తుడిచివేసినవారి మనస్సులో ఆ తలుపు ఉన్నది.

ఇక్కడ ఒక భాషావిశేషం మనవి చేస్తాను. మన భాషలో 'ఉత్తరం' అంటే లేఖ. 'ఉత్తరం' అంటే సమాధానం. 'ఉత్తర' అంటే తరువాతిది. మీ ఆటకు ఉత్తరభాగం, ఆ ఉత్తరానికి ఉత్తరం. ఇంతకంటె మంచి ప్రకటన పాఠం తెలుగులో దొరకదు అన్నాను. వారు నవ్వినారు. కాగితం మీద నేను దిద్దిన మూడు వాక్యాలను కొట్టివేసి "తలుపు తెరుచుకుంటుంది" అని ఒక్క మాట వ్రాసినాను. చిత్రాల నాణ్యత, అంచెల సంఖ్య, మునుపెన్నడూ ఎరుగని అనుభవం ఇవేవీ అక్కరలేదని నా వాదన. మొదటి ఆట ఆడినవానికి ఆ ఒక్క వాక్యం చాలు. ఆడనివాడు "ఏ తలుపు?" అని అడుగుతాడు, అడిగితే మొదటి ఆట ఉచితంగానే ఉన్నది.

ఆడనివానిని గురించి కూడ కొంత చర్చ జరిగినది. పేరు చివర '2' అని పెట్టగానే కొత్తవాడు జంకుతాడు. పోలండుకు చెందిన 'విచర్' ఆటల చరిత్ర దీనికి తిరుగు సమాధానం. ఆ వరుసలో మూడవది 2015లో వచ్చినది. 2023లో ఆ సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం మూడు భాగాలూ కలసి ఏడున్నర కోట్ల ప్రతులు అమ్ముడుపోగా, అందులో మూడవ భాగం ఒక్కటే అయిదు కోట్లకు పైన. అనగా కొన్నవారిలో అత్యధికులు మొదటి రెండు భాగాలు ఎరుగనివారే. కథ కొత్త చోట, కొత్త పనితో ఆరంభమైనది. తిక్కన విరాటపర్వం వంటిదే! కావున మా కుర్రవాళ్ళ ఆట కూడ తాళం వేసిన ఇంటి మెట్టు మీదనే ఆరంభం కావాలి. గడచిన కథ తెలియకున్నా, ఒక బాలుడు, ఒక లేఖ, ఒక తలుపు అంటే ఎవనికి అర్థం కాదు?

దుకాణం సంగతి వారికి నాకంటె బాగా తెలుసును. నేనే వారి వద్ద నేర్చుకొన్నాను. స్టీమ్ అనే దుకాణంలో ఆట విడుదలకు ఎంతో ముందుగానే దానికొక పుటను తెరచి ఉంచవచ్చును. కావాలనుకొన్నవాడు తన కోరికల జాబితాలో దానిని చేర్చుకొంటాడు. ఆట విడుదలైన రోజున దుకాణమే వానికి కబురు పంపుతుంది. ఇది పాత పుస్తకవిక్రేతలు చందాదారుల పేర్లు వ్రాసుకొనే చిట్టాకు సమానం. కావున ప్రచారమంతా కలసి చేయవలసిన పని ఒక్కటే: ఆ చిట్టాలో పేరు వ్రాయించడం. "కొనండి" అని ఇప్పుడే అడగనక్కరలేదు. అదే దుకాణం ఏడాదికి మూడుమార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబరు మాసాలలో, రాబోయే ఆటల నమూనాలను ఉచితంగా ఆడించే జాతర జరుపుతుంది. ఒక ఆటకు అందులో ఒక్కమారే ప్రవేశం. తొందరపడి అరకొర నమూనాతో వెళితే ఆ అవకాశం పోయినట్లే. విడుదలకు ముందు వచ్చే చివరి జాతరకు వెళ్ళడం మేలని వారిలో వారే తేల్చుకొన్నారు.

వెల విషయంలో నాకు భయం ఉన్నది, దాచను. ఉచితంగా ఆడినవాడు రెండవదానికి డబ్బు ఇస్తాడా? ఉచితంగా మంచినీళ్ళు ఇచ్చిన ఇంటివారు రేపు సోడాకు డబ్బు అడిగితే కొందరు ముఖం తిప్పుకొంటారు. దీనికి మందు ఒక్కటే కనబడుతున్నది. డబ్బు సంగతి మొదటి రోజునే నిర్మొహమాటంగా చెప్పడం. ఎందుకు వెల పెట్టవలసి వచ్చినదో నలుగురి పేర్లతో, నాలుగు వాక్యాలలో, ఆడినవారికి వ్రాయడం. మొదటి ఆటకు లేఖ వ్రాసినవారికి తగ్గింపు ధర ఇవ్వడం. అప్పుడు కూడ అందరూ కొనరు. పదిమందిలో ఒకడు కొన్నా సంతోషించాలని చెప్పినాను. ఆ ఒకడు కూడ కొనని పక్షంలో గాజుల మాట ఏమిటని నా విద్యార్థి అడగలేదు గాని, నాకు వినిపించినది. అందుకే గాజులు ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టినాను. ఈ ఒక్క విషయంలో గురువుననే అధికారం చూపినమాట నిజం.

వ్యాఖ్యాతకు రుసుము ఇచ్చే ప్రతిపాదనను మాత్రం పూర్తిగా కొట్టివేయలేకపోయినాను. ఆటను ఆడుతూ చూపించే అట్టివారి మాటకు విలువ ఉన్నది. అయితే డబ్బు పుచ్చుకొని పొగడినవానికంటె, నమూనాను పంపితే ఇష్టపడి ఆడినవాడు మేలు. ఇష్టపడకపోతే ఆ సంగతి ముందుగా తెలియడం కూడ లాభమే. బాహుబలిని తెలుగు తమిళ భాషలలో నిర్మించి, హిందీ మలయాళాలలోనికి అనువదించినట్లు, ఈ ఆటలోని మాటలను కూడ ఒకటికి మించిన భాషలలో పెట్టవచ్చునని సూచించినాను. పోస్టుమాను సంచిలో ఒక్క భాష ఉత్తరాలే ఉంటాయా? మా ఉర్దూ శాఖలోని మిత్రులొకరు ఆ అనువాదాన్ని ఉచితంగా చేసిపెడుతున్నారు. దక్కనీ పలుకుబడి ఎంతవరకు ఉంచాలన్న విషయమై వారికీ కుర్రవాళ్ళకూ రోజూ వాగ్వాదం జరుగుతున్నది. దుబాయి నుండి లేఖ వ్రాసినవాడు ఆ భాషను చదివి ఏమంటాడో చూడాలని నాకు ఉబలాటంగా ఉన్నది.

హోర్డింగు మానుకొన్నారు. దానికి బదులుగా మొదటి ఆటలో ఒక చిన్న మార్పు చేసినారు. ఇప్పుడు ఆ ఆటను తెరచి చివరి వరకు ఆడినవానికి బాలుడు మెట్టు మీద కూర్చొన్నాక తెర వెంటనే నల్లబడదు. తలుపు క్రింది సందులో నుండి సన్నని దీపపు వెలుగు కనబడుతుంది. ఎవరో లోపల నడచిన నీడ కదలుతుంది. అప్పుడు తెర నల్లబడుతుంది. ఎక్కడా ఒక్క అక్షరం వ్రాయలేదు. ఈ మార్పు చేసిన మూడవ రోజున విశాఖపట్నం ఆసామి నుండి లేఖ వచ్చినదట: "లోపల ఎవరున్నారు?"

లేఖ వ్రాసినవారికందరికీ విడివిడిగా జవాబు వ్రాయమన్నాను, వ్రాస్తున్నారు. జవాబులలో రెండవ భాగం ఉన్నదని చెబుతున్నారు, లోపల ఎవరున్నారో చెప్పడం లేదు. గత వారం నా విద్యార్థి చౌరస్తాలో కనబడితే తేదీ ఏమైనదని అడిగినాను.

"ఇంకా రెండు గల్లీలు మిగిలినయి సార్" అన్నాడు.